ఫొటో చాలదు, మాటల్లో చెప్పాలి

మా మినీ ప్రాజెక్టు మొన్న శివరాత్రి సెలవుల్లో ఒక అమాయక ప్రాణి మీద తప్పుడు కేసు పెట్టింది. ముందు ఆ సంగతి చెప్పేస్తాను. అభిప్రాయం దాని వెనకే వస్తుంది.

ప్రాజెక్టు ఏంటో మా బ్రాంచి వాళ్లకి తెలుసు. పురుగు ఫొటో తీస్తే దాని పేరు ఫోనే చెప్పాలి. మిరప, వరి, జీడి, మామిడి మీద కనిపించే పురుగుల ఫొటోలు ఇంటర్నెట్‌లో దొరికినన్ని పోగేసి మోడల్‌కి నేర్పించాం. రివ్యూలో మంచి మార్కులే పడ్డాయి. ఆ ధైర్యంతో శివరాత్రికి మా ఊరు శ్రీముఖలింగం వెళ్లినప్పుడు, వంశధార ఒడ్డునున్న మా తాతగారి తోటలో ఎండాకులు కదిపి, అడుగున తేమలో పాకుతున్న ఒక నల్లటి సన్నటి పురుగుని మాక్రో లెన్స్ తగిలించి ఫొటో తీశాను. రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. మోడల్ క్షణం కూడా ఆలోచించలేదు. "నల్ల తామర పురుగు" అనేసింది, అదీ నిండు నమ్మకంతో.

ఆ పేరు వింటే గుంటూరు, పల్నాడు వైపు మిరప రైతుకి ఒళ్లు జలదరిస్తుంది. 2021లో పూతలోకి దూరి తోటలకి తోటల్ని పాడుచేసింది అదే. రైతులు మందు మీద మందు కొట్టినా లొంగలేదు. అందుకే నా ఫోన్ ఆ మాట అనగానే మా చిన్నాన్న భుజం మీద తువ్వాలు సర్దుకుంటూ, "అయితే మందు కొట్టించీమంటావేటి?" అన్నాడు. మామిడాకుల చెత్తకి మందు!

అడ్డుపడింది మా చెల్లి, అంటే చిన్నాన్న కూతురు. ఎమ్మెస్సీ జువాలజీ చదువుతోంది. ఫొటో పెద్దది చేసి చూసి, "అన్నియ్యా, దీని పొట్ట చివర చూడు. గొట్టంలా లేదూ? మిరపలో వచ్చేదానికి గొట్టం ఉండదు, కోసుగా ఉంటుంది, రంపంలాంటి ముల్లుతో ఆకు కోసి గుడ్లు పెడుతుంది. నీ కంప్యూటరు పులిని చూసి పిల్లి అంటోంది," అంది. కాసేపాగి, "కాదులే, పిల్లిని చూసి పులి అంటోంది" అని దిద్దుకుంది.

తప్పు ఎక్కడ జరిగిందో నాకు అప్పటికే అర్థమైంది. మా మోడల్‌కి కొన్ని పేర్లే తెలుసు. ఏం చూపించినా ఆ పేర్లలోనే ఒకటి చెబుతుంది. "నాకు తెలీదు" అనే పేరు మేం దానికి నేర్పనే లేదు. కానీ ఇంకో ప్రశ్న వదల్లేదు. సరే, నేర్పాలనే అనుకుందాం. ఈ ఎండాకుల కింది పురుగుకి ఏం పేరని నేర్పాలి? దానికి పేరుందా అసలు?

ఇక్కడ తామర పురుగుల సంగతి కొంచెం చెప్పాలి. ఇంగ్లిష్‌లో థ్రిప్స్ అంటారు. ఒకటున్నా థ్రిప్సే, వందున్నా థ్రిప్సే. లిన్నేయస్ 1758లోనే ఈ పేరు రాశాడు. ప్రపంచంలో ఇప్పటిదాకా ఆరు వేలకు పైగా జాతుల్ని వర్ణించారు, మన దేశంలో ఏడు వందలకు పైనే. పంటలకి నిజంగా బెడద అయ్యేవి వందలో ఒకటో రెండో. దాదాపు సగం జాతులు ఆకుపచ్చని ఆకు జోలికే పోవు. ఎండాకుల మీద, ఎండుకొమ్మల మీద పెరిగే బూజు తిని బతుకుతాయి. కొన్ని బూజు దారాలు పీలుస్తాయి, కొన్ని బూజు విత్తుల్ని, అంటే స్పోర్లని, గుళికల్లా మింగేస్తాయి. ఇంకో వింత: ఈ పురుగులన్నింటికీ ఎడమ దవడ ఒక్కటే ఉంటుంది. కుడిది గుడ్డులో ఉండగానే కరిగిపోతుంది. చెల్లి ఈ మాట చెప్పినప్పుడు నేను నమ్మలేదు, వెతికి చూసుకున్నాకే నమ్మాను.

వరి నారుమడిలో ఆకు కొసలు చుట్టుకుపోయి ఎండితే తామర పురుగు అని మా ఊళ్లో పిల్లాడు కూడా చెబుతాడు. మన పంట తినేదాన్ని మనం గుర్తుపడతాం, పేరు పెడతాం, తిడతాం. చెత్తలో బతికేదాన్ని పట్టించుకోం. ఇందులో తప్పు పట్టడానికేం లేదు, మనిషి సహజం అంతే. కానీ దాని ఫలితం ఇప్పుడే చూశారు. మనకి తెలిసిన నల్ల పురుగు ఒకటే కాబట్టి, కనిపించిన ప్రతి నల్ల పురుగూ దొంగే.

ఆ మర్నాడు చెల్లీ నేనూ పనిలో పడ్డాం. పాత వాటర్ క్యాన్ అడుగు కోసి తలకిందులు చేసి, లోపల జల్లెడ పెట్టి, దాని మీద ఆకుచెత్త పోసి, పైన నలభై వాట్ల పాత బల్బు వేలాడదీశాం. కింద ఆల్కహాల్ సీసా. ఇటలీలో బెర్లీస్ అనే ఆయన 1905లో కనిపెట్టిన గరాటు ఇది, బల్బు తర్వాత ఇంకొకాయన చేర్చాడు. వేడికీ వెలుతురుకీ చెత్త పైనుంచి ఆరుతూ వస్తే, తేమ కోసం పురుగులు కిందకి కిందకి దిగి చివరికి సీసాలో పడతాయి. ఇంజనీరింగ్‌లో నాలుగేళ్లుగా చూసిన సెన్సర్ల కన్నా ఈ క్యాన్ నాకు ముద్దొచ్చింది. నాన్నమ్మకి మాత్రం రాలేదు. "ఊరందరూ తుక్కు బయట పారేత్తారు, మీరు ఇంట్లోకి తెచ్చీసినారేటిరా?" అంది.

మూడు రోజులకి, మధ్యలో కరెంటు పోయిన గంటలు తీసేస్తే రెండున్నర రోజులకి, సీసాలో ఎనిమిది తామర పురుగులు. వాటితోపాటు బోలెడన్ని నల్లులూ చీమలూ, ఒక తేలుపిల్ల.

స్లైడ్ చేయడం చెల్లి పని. నేను చూస్తూ కూర్చున్నాను. ముందు ఒకదాన్ని ఉన్నదున్నట్టు గాజు పలక మీద పెట్టి చూసింది. పొట్ట నిండా గోధుమరంగు గింజలు కనిపించాయి. బూజు స్పోర్లు. అంటే మిరపపూత తిన్నవాడి కడుపు కాదది. కేసు అక్కడే కొట్టేశారు. తర్వాత మిగతావాటిని క్షారంలో నానబెట్టి లోపలి కండ కరిగించి, నీళ్లలో కడిగి, మెట్టుమెట్టుగా చిక్కనయ్యే ఆల్కహాల్‌లో మార్చి, లవంగ నూనెలో తేర్చి, కెనడా బాల్సమ్ అనే చెట్టు జిగురులో కూర్చింది. కాళ్లూ మీసాలూ చాచి ఉండేలా సన్నటి సూదితో సర్దడానికే పురుక్కి అరగంట పట్టింది. ఇంత చేస్తేగానీ దాని అసలు రూపం కనపడదు. (తొందరపడి నేను ఒక స్లైడ్ మా కాలేజీకి తెచ్చి మెకానికల్ వాళ్ల మైక్రోస్కోప్ కింద పెట్టాను. అది లోహాలు చూసేది. వెలుతురు పైనుంచి పడుతుంది, స్లైడ్ గుండా పోదు. పెద్ద మెరుపు తప్ప ఏం కనపడలేదు. ల్యాబ్ అసిస్టెంట్ అన్న ఇప్పటికీ నన్ను "పురుగుల సైంటిస్టు" అంటాడు.)

ఇప్పుడు నా అభిప్రాయం. కొత్త జాతి దొరకడం, దాన్ని వర్ణించడం వేర్వేరు పనులు. పేపర్లో "కొత్త జాతి కనుగొన్నారు" అని చదివినప్పుడు మనం లాటరీ తగిలినట్టు ఊహించుకుంటాం. అడవిలోకి వెళ్లారు, దొరికింది, పేరు పెట్టారు. నిజానికి కొత్త జాతి ఆకుల కింద దొరకదు, బల్ల మీద తేలుతుంది. ఆకుల కింద దొరికేది ఒక పురుగు మాత్రమే. అది కొత్తదని చెప్పాలంటే దాని దగ్గరి చుట్టాలన్నిటినీ, వందేళ్ల నుంచి ఎవరెవరు ఏ భాషలో రాసినా సరే, చదివి, వాళ్లు దాచిన స్లైడ్లతో పోల్చి, "వీటిలో ఏదీ కాదు" అనాలి. ఆ తర్వాత ఎలా కాదో రాయాలి. ఆ రాయడమే అసలు పని. ఈ వ్యాసం సాహిత్య క్లబ్బు పత్రికకి ఎందుకిస్తున్నానో కూడా దానితోనే తేలుతుంది.

జంతువుల పేర్లకి ఒక అంతర్జాతీయ నియమావళి ఉంది. 1930 తర్వాత పెట్టిన కొత్త పేరు చెల్లాలంటే, ఆ జీవిని వేరుచేసే లక్షణాల్ని "మాటల్లో" చెప్పిన వర్ణన ఉండాలి, లేదా అలాంటి వర్ణన ఎక్కడుందో చూపాలి. మాటల్లో! బొమ్మ ఎంత బాగున్నా, ఫొటో ఎన్ని మెగాపిక్సెళ్లున్నా చాలదు. మొదటిసారి చదివినప్పుడు నేను కూర్చున్నచోటు నుంచి లేచాను. ఫొటోలతో బతికే మా ప్రాజెక్టుకి ఇది చెంపదెబ్బ. ఎందుకు మాటలే? ఫొటోలో అన్నీ ఉంటాయి, ఏది ముఖ్యమో ఉండదు. మాటల్లో చెప్పేవాడు ఎంచుకోక తప్పదు. "కళ్ల వెనక రోమాల కొసలు ముద్దగా ఉంటాయి, దీని చుట్టానికి మొనదేలి ఉంటాయి" అని రాసినప్పుడు వాడు ఒక మాట మీద నిలబడ్డాడు. రేపు ఎవడైనా వచ్చి అది తప్పని నిరూపించొచ్చు. ఫొటోని తప్పని ఎవరూ నిరూపించలేరు.

1999 తర్వాత ఇంకో నిబంధన చేరింది. ఏ ఒక్క నమూనా మీద ఆ పేరు నిలబడుతుందో స్పష్టంగా చెప్పాలి. దాన్ని హోలోటైప్ అంటారు. మన దేశంలోనైతే 2002 నాటి జీవవైవిధ్య చట్టం 39వ సెక్షన్ ప్రకారం, కొత్త జాతి కనుగొన్నవాళ్లు ప్రభుత్వం గుర్తించిన భాండాగారానికి తెలియజేసి నమూనా అక్కడ అప్పగించాలి. జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా అలాంటి చోటే. దాని డైరెక్టర్‌గా పనిచేసిన టి.ఎన్. అనంతకృష్ణన్ గారు మద్రాసు లయోలా కాలేజీలో పాఠాలు చెబుతూనే మన దేశపు తామర పురుగుల మీద జీవితం గడిపారు. ఆయనా సేన్ గారూ కలిసి 1980లో భారతీయ థ్రిప్స్ మీద పుస్తకం వేశారు. ఇప్పటికీ ఈ పని మొదలుపెట్టేవాళ్లు అటు వెళ్లకుండా ఉండలేరు.

(మన ఈ-పత్రికలో ఒక కొత్త జాతిని ప్రకటించేద్దామా అని మా ఎడిటర్ సరదాగా అడిగాడు. కుదరదు బాబూ. ఎలక్ట్రానిక్ ప్రచురణ 2012 నుంచి చెల్లుతుంది గానీ, ముందు జూబ్యాంక్‌లో నమోదు కావాలి, ఎక్కడ శాశ్వతంగా భద్రపరుస్తారో చెప్పాలి. మన పాత సంచికల డ్రైవ్ లింకే ఇప్పుడు తెరుచుకోవడం లేదు.)

సరే, మాటల్లో అన్నారు. ఏ భాష మాటల్లో? ఇక్కడ నాకు రెండో ఆశ్చర్యం. పేరు లాటిన్ లిపిలో ఉండాలి గానీ వర్ణన ఫలానా భాషలోనే ఉండాలని నియమం లేదు. ప్రపంచంలో ఎక్కువమంది శాస్త్రవేత్తలు చదివే భాషలో కూడా ఇవ్వండని సిఫార్సు మాత్రం ఉంది. అది న్యాయమే. తెలుగులో మాత్రమే రాసి బ్రెజిల్ వాడిని ఇబ్బంది పెట్టమని నేననను. కానీ తెలుగులో కూడా రాయగలమా అని సరదా పుట్టింది. ఒక రాత్రి కూర్చుని ప్రయత్నించాం.

ఈ వర్ణనల శైలి గమ్మత్తుగా ఉంటుంది. క్రియలు దాదాపు ఉండవు. టెలిగ్రాంలా ముక్కలు ముక్కలుగా సాగుతుంది. మాకొచ్చింది ఇది: "ఆడది, రెక్కలు లేనిది. ఒళ్లు ముదురు గోధుమరంగు, కాళ్ల చివర్లు లేత పసుపు. తల వెడల్పు కంటే పొడవు కొంచెం ఎక్కువ. మీసానికి ఎనిమిది పూసలు, మూడో పూస మొదట్లో పసుపు. కళ్ల వెనక ఒక జత రోమాలు, కొసలు అగ్గిపుల్ల తలల్లా ముద్దగా. గొట్టం తల కంటే పొట్టి."

ఈ ఆరు ముక్కలకి రెండు గంటలు పట్టింది. యాంటెన్నాని మా టెన్త్ పుస్తకం స్పర్శశృంగం అంటుంది. "మీసం అంటే ఎవరికి తెలీదు?" అంది నాన్నమ్మ. మీసమే ఉంచాం. సెగ్మెంట్‌ని నేను కణుపు అన్నాను. చెరకు వేసే ఇంటి మనిషి ఊరుకుంటుందా, "కణుపంటే ముడిరా, ముడికీ ముడికీ మధ్యనున్నది కణుపెలా అవుతాది?" అని కొట్టిపారేసింది. స్లైడ్ తెరమీద చూపిస్తే, "పూసలు గుచ్చినట్టున్నాయి" అంది. పూస అయింది. రోమం కొస విషయంలో మాత్రం మాకూ మాకూ పడలేదు. గరిటె అని ఒకరు, మొగ్గ అని ఒకరు. అగ్గిపుల్ల తల చెల్లిది.

ఇలా చెప్పుకుంటే గిడుగు రామమూర్తి గారు గుర్తుకురాకుండా ఎలా? ఆయన 1863లో పుట్టిన పర్వతాలపేట మా ఊరి పక్కనే. పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ, మా ముఖలింగం గుడి గోడల మీది శాసనాలు సొంతంగా చదవడం నేర్చుకుని, తూర్పు గాంగుల కళింగనగరం ఇదేనని ఋజువులతో రాశారు. అంతకుముందు ఆ గోడల పక్కనుంచి ఎన్ని వేలమంది నడిచి వెళ్లారో. అక్షరాలు అందరికీ కనపడ్డాయి. ఆయన ఒక్కో అక్షరాన్నీ ఇంకోదాంతో పోల్చి చూశారు. తర్వాత అప్పటికి లిపి లేని సవర భాష నేర్చుకుని, 1931లో దాని వ్యాకరణం, 1938లో సవర నిఘంటువు తెచ్చారు. ఆగస్టు 29న మన క్లబ్బులో దండ వేసినప్పుడు వాడుకభాష గురించే మాట్లాడతాం. నాకైతే ఆయన అంతకంటే ముందు ఒక వర్ణనకారుడు. ఎవరూ రాసి పెట్టనిదాన్ని ఉన్నదున్నట్టు రాసిపెట్టినవాడు.

మన మాటలు శాస్త్రంలోకి వెళ్లడం కూడా కొత్తేం కాదు. 1780ల్లో విశాఖపట్నంలో ఉన్న పాట్రిక్ రస్సెల్ అనే డాక్టరు ఇక్కడి పాముల్ని వర్ణిస్తూ 1796లో పుస్తకం వేశాడు. పాముల పేర్లు ఇక్కడివాళ్లు చెప్పినట్టే రాసుకున్నాడు. మన రక్తపింజర అందులో "కాటుకరేకుల పొడ". ఆయన రాసిన "బంగారు పాము" నుంచే కట్లపాముల ప్రజాతికి బంగారస్ అనే లాటిన్ పేరు 1803లో వచ్చింది. ప్రపంచంలో ఎక్కడ కట్లపాము గురించి రాసినా ఒక తెలుగు మాట రాస్తున్నట్టే. ఆ పేరు చెప్పిన మనిషెవరో మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. అదొక్కటీ నాకు బాధ.

ఇప్పుడు మీరడిగే ప్రశ్న నాకు తెలుసు, ఎందుకంటే మా చిన్నాన్న రోజూ అడుగుతున్నాడు. "అది కొత్తదే అయితే మాత్రం ఏటొస్తాది?" ఈ పురుగు లేకపోతే అడవులు కూలిపోతాయని నేను బుకాయించను. అలాంటి పోస్టర్ భాష నాకు పడదు. నా దగ్గరున్న జవాబు ఒక తేదీ. మిరపని ముంచిన ఆ నల్ల తామర పురుగుని కార్నీ అనే శాస్త్రవేత్త వర్ణించింది 1922లో. అప్పటికి అది మన మిరపకి శత్రువు కాదు. మన దేశంలో దాన్ని గుర్తించిందే 2015లో, బెంగళూరు దగ్గర బొప్పాయి మీద. 2021లో మన తోటల్లో పడినప్పుడు, "ఇది మామూలుగా మిరపలో వచ్చే తామర పురుగు కాదు, వేరే జాతి" అని తేల్చగలిగారంటే, తొంభై తొమ్మిదేళ్ల కిందట ఎవరికీ పనికిరాదనిపించినప్పుడు ఒకాయన కూర్చుని మాటల్లో రాసిపెట్టాడు కాబట్టి. అవసరం వచ్చాక వర్ణిద్దాం అంటే కుదరదు. అప్పటికి తోట పోతుంది.

ఇంకో సంగతి మన ఇంజనీర్లకి. మాకు లేబుల్ అంటే ఎక్సెల్ షీట్లో ఒక కాలమ్. ఆ కాలమ్‌లో ఉన్న ప్రతి పేరు వెనకా ఎవరో కళ్లు పోగొట్టుకున్న ఏళ్లున్నాయి. వాళ్ల లేబుళ్లు తీసుకుని మేం మోడల్ చేసి ప్యాకేజీ గురించి మాట్లాడుకుంటున్నాం. లేబుల్ ఇచ్చే పని నేర్చుకుంటానన్న మా చెల్లిని ఇంట్లో "బీఈడీ చేసీ, డీఎస్సీ రాసుకో" అంటున్నారు. చిన్నాన్నది తప్పని అననూ లేను. వర్ణించేవాళ్లకి ఉద్యోగాలు ఎన్నున్నాయో ఆయన అడిగితే నా దగ్గర మంచి జవాబు లేదు. కానీ "ఏఐ వచ్చాక ఇవన్నీ ఎందుకు?" అని మా క్లాస్‌మేట్ ఒకడు అన్నప్పుడు మాత్రం కోపమొచ్చింది. ఏఐ ఏమంటుందో చూశాం కదా. మామిడాకుల చెత్తకి మందు కొట్టమంది.

మరి మా ఎనిమిది పురుగుల సంగతి? ఆరు ఆడవి, రెండు మగవి. మగవాటిలో ఒకదానికి ముందుకాళ్లు బాడీబిల్డర్‌లా లావు, రెండోదానికి మామూలుగా ఉన్నాయి. నేను వెంటనే "రెండు జాతులు!" అని గంతేశాను. చెల్లి నవ్వింది. ఈ బూజు తినే తామర పురుగుల్లో ఒకే జాతిలో పెద్ద మగ, చిన్న మగ ఇంత తేడాగా ఉండటం మామూలేనట. రెక్కలున్నవీ లేనివీ కూడా ఒకే జాతిలో ఉంటాయట. ఆ సంగతి తెలియక పాతకాలంలో ఒకే జాతికి రెండేసి పేర్లు పెట్టేసినవాళ్లున్నారు. కాబట్టి వానలకి ఒకసారి, చలికి ఒకసారి మళ్లీ ఏరాలి. మధ్యరకం మగవి దొరుకుతాయేమో చూడాలి. అప్పుడు తెలిసినవాళ్లకి పంపాలి. చాలావరకు ఎవరో ఎప్పుడో వర్ణించేసినదే అయ్యుంటుందని చెల్లి ముందే చెప్పేసింది. అదైనా మాకు నష్టం లేదు. శ్రీముఖలింగం, వంశధార ఒడ్డు, మామిడి ఇప్ప ఆకుచెత్త, తేదీ, ఏరినవాళ్లు అని స్లైడ్ పక్కన చీటీ ఉంది కదా.

ఒక చిక్కు మిగిలింది. తోట ఊడ్చి ఎండాకులు తగలెట్టడం మా ఇంట్లో ఏటా జరిగేదే. మేం తిరిగొచ్చేసిన వారానికి చెల్లి ఫోన్ చేసింది. ఇప్పచెట్టు ఉన్న మూల మాత్రం ఈసారి కాల్చలేదట. పనివాళ్లు చీపుళ్లు పట్టుకుని అటెళ్తుంటే నాన్నమ్మ అరుగు మీంచి కేకేసిందట: "ఆ మూల ఊడవకండర్రా, అక్కడ మా పిల్లది ఏటో సూసుకుంటాదంట!"